స్కూల్ కిలోమీటరే, ఆటో మాన్పించి బాబుని నడిపించొచ్చా? సైకిల్ ఎప్పుడివ్వాలి?

మీ బాబుకి ఎనిమిదేళ్ళు, స్కూల్ కిలోమీటరు లోపే, అయినా ఆటోలో పంపిస్తున్నారు, రెండంతస్తులు ఎక్కితే ఆయాసపడుతున్నాడు, ఆటల్లో పిల్లలు కలుపుకోవట్లేదు, ఏదైనా కోచింగ్‌లో వెయ్యాలా అని కదండీ అడిగారు. వెయ్యొచ్చు, కానీ ముందు ఆ ఆటో మాన్పించి చూడండి. మాది కాకినాడ, పాప సెవెంత్, బాబు థర్డ్. పాప సైకిల్ మీద వెళ్తుంది, వాడు నాతోనో వాళ్ళ తాతయ్యతోనో నడిచి వెళ్తాడు.

ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలైనా కాస్త రొప్పు వచ్చేలా ఒళ్ళు కదలాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. వారానికి రెండు రోజుల కోచింగ్‌తో అది ఎక్కడ సరిపోతుంది చెప్పండి, అదే స్కూల్‌కి రానూపోనూ చురుగ్గా నడిస్తే దాదాపు అరగంట అక్కడే వచ్చేస్తుంది. పైగా పిల్లలు ఉత్తినే నడవరు కదా. మావాడు కాలవ మీద పలక ఎత్తుగా ఉంటే ఎక్కి దూకుతాడు, రాయి దొరికితే గేటు దాకా తన్నుకుంటూ వస్తాడు, వాన నీళ్ళు నిలబడితే ఒక్క అంగలో దాటాలని చూస్తాడు, సగం సార్లు బూట్లు తడుస్తాయి అది వేరే విషయం. మొదట్లో పలక మీంచి ఒక కాలు కిందపెట్టి, నా చెయ్యి పట్టుకుని మెల్లిగా దిగేవాడు, ఇప్పుడు రెండు కాళ్ళూ కలిపి దూకి మాట ఆపకుండా నడిచేస్తున్నాడు. ఆటల్లో కలవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం అండి, పరిగెత్తి టక్కున ఆగడం, పక్కకి తిరగడం, బంతి పట్టుకోవడం రాకపోతే ఎవరైనా నవ్వుతారేమో అని వీళ్ళే దూరంగా నిలబడిపోతారు.

నడకకి అసలు అడ్డం బ్యాగు. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదు, అంటే 25 కేజీల పిల్లాడికి రెండున్నర కేజీలు. ఒకసారి మీరే కాటా మీద పెట్టి చూడండి. టైంటేబుల్ చూసి ఆరోజు అక్కర్లేనివి తీసేయండి, బాటిల్ సగమే నింపండి, స్కూల్లో నీళ్ళుంటాయిగా. అప్పటికీ ఎక్కువైతే బ్యాగు మీరు మొయ్యండి, నడవాల్సింది పిల్లాడు, పుస్తకాలు కాదు.

రోడ్డు సంగతికొస్తే, ఆ వయసు పిల్లలకి ఎదురొచ్చే బండి ఎంత స్పీడులో వస్తుందో అంచనా సరిగ్గా అందదు, ఎత్తు తక్కువ కాబట్టి ఆగున్న ఆటో అవతల ఏముందో కూడా కనపడదు. అందుకని ఒక్కడినే ఇప్పుడే పంపొద్దు. అలాగని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిపోతే వాడికేం రాదు. నేనైతే రోడ్డు దాటే చోట ఆగి "ఇప్పుడు దాటొచ్చా, నువ్వు చెప్పు" అని వాడినే అడుగుతాను. కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ కుడివైపు చూసి వాడే చెప్పాలి, తొందరపడి సరే అంటే "అదిగో ఆ బండి చూశావా" అంటాను అంతే. కుక్కలుంటే పరిగెత్తకూడదని కూడా ముందే చెప్పి ఉంచండి.

ఇక సైకిల్. ఎదిగే పిల్లాడు కదా అని పెద్దది కొనకండి దయచేసి, మన చిన్నప్పుడు గంటకి అద్దె సైకిల్ తెచ్చుకుని అడ్డ తొక్కుడు తొక్కాం నిజమే, కానీ అప్పుడు రోడ్డు మీద ఇన్ని బళ్ళెక్కడివి. సీటు మీద కూర్చుంటే మునివేళ్ళు నేలకి ఆనాలి, మీ వాడి వయసుకి మామూలుగా 20 అంగుళాలది సరిపోతుంది. తొక్కడం వచ్చేసింది కదా అని రోడ్డెక్కించొద్దు. మా పాపకి తొక్కడం తొందరగానే వచ్చింది గానీ కుడి భుజం మీంచి తల తిప్పి వెనక్కి చూడమంటే హ్యాండిల్ కూడా కుడికే వెళ్ళిపోయేది, అంటే రోడ్డు మధ్యకి! గాంధీనగర్ పార్కు చుట్టుపక్కల పొద్దున్నే ఖాళీగా ఉండే వీధుల్లో నేను వెనకాల నిలబడి వేళ్ళు చూపించేదాన్ని, తిన్నగా తొక్కుతూనే వెనక్కి చూసి ఎన్నో చెప్పాలి. అది కుదిరాక ఒంటి చేత్తో తొక్కుతూ చెయ్యి చూపించడం, తర్వాత రెండు బ్రేకులూ కలిపి పట్టి ఆగడం. ఇవన్నీ వచ్చాకే, చాన్నాళ్ళు వాళ్ళ నాన్న పక్కన ఇంకో సైకిల్ మీద వెళ్ళాక, ఒక్కదాన్నే పంపించాం. హెల్మెట్ మాత్రం మాదగ్గర బేరం లేదు.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది, బానే ఉంది, కానీ అది ఎక్సర్‌సైజ్‌కి. కాలనీ నుంచి స్కూల్ దాకా ఫుట్‌పాత్ ఉంటే ఎంతమంది పిల్లలు నడుస్తారో అనిపిస్తుంది నాకైతే.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పన్నెండున్నర ఎండలో నడిపించకండి, పొద్దున నడిచి వెళ్ళి వచ్చేటప్పుడు బండి మీద తీసుకొచ్చేయండి, మేమూ అంతే. చుట్టాలు "పెట్రోల్‌కి డబ్బుల్లేవా" అంటారు, అననివ్వండి.

మీ దారిలో హైవే దాటాలా లేదా అన్నది మీరు రాయలేదు. దాటాల్సి ఉంటే సైకిల్ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టి, బండి మీద హైవే దాటించి అవతల దింపి, మిగతా దూరం కలిసి నడవండి.