350 స్మాల్ బ్లాక్ షెవీకి అల్యూమినియం హెడ్లు కొన్నాను, ఏ వాల్వులు వేయాలి? (జవాబు)

నమస్కారం. మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 1978 షెవర్లే కమారో, 350 స్మాల్ బ్లాక్ (350 ఘనపు అంగుళాల షెవర్లే వీ8 ఇంజను), బోరు, అంటే సిలిండర్ వ్యాసం, స్టాండర్డ్ 4 అంగుళాలే. వాల్వులూ స్ప్రింగులూ లేని ఖాళీ అల్యూమినియం హెడ్లు (సిలిండర్ల మీద మూతలా బిగించే, వాల్వులు కూర్చునే భాగాలు) కొన్నారు. హైడ్రాలిక్ రోలర్ క్యామ్ (వాల్వులని తెరిపించే ఇరుసు), లిఫ్ట్, అంటే వాల్వు లేచే ఎత్తు, 510 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). 6,200 ఆర్‌పీఎం దాటించరు. వారానికి రెండు మూడు సార్లు రోడ్డు మీద, నెలకోసారి డ్రాగ్ స్ట్రిప్ (తిన్నటి రేసు ట్రాక్) మీద నడుపుతారు. టైటానియం వాల్వులు వేయాలా, స్టెయిన్‌లెస్ చాలా? ఇన్‌టేక్ వాల్వు వ్యాసం 2.02 అంగుళాలు ఉంచాలా, 2.08కి పోవాలా?

ముందు జవాబు చెప్పేస్తాను. ఇన్‌టేక్ 2.02, ఎగ్జాస్ట్ 1.60. రెండింటికీ, తల, కాండం కలిపి ఒకే ముక్కగా ఫోర్జ్ చేసిన స్టెయిన్‌లెస్ వాల్వులు తీసుకోండి. ఎగ్జాస్ట్ మాత్రం 21-4ఎన్ మెటీరియలేనా అని అడిగి మరీ కొనండి. టైటానియం మీద పెడదామనుకున్న డబ్బు గైడ్ల మీద (వాల్వు కాండం జారే గొట్టాలు), సీట్ల పని మీద (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే రింగులు) పెట్టండి.

నేను ఈ పని మొదట చూసింది విజయవాడ ఆటోనగర్‌లో, మా పెదనాన్న షెడ్డులో. ఎక్కువగా లారీల, అంబాసిడర్ల హెడ్లు వచ్చేవి. ఇంజను విప్పగానే పెదనాన్న చెయ్యి ముందు ఎగ్జాస్ట్ వాల్వు మీదికే వెళ్లేది. అంచు మీద గోరు నడిపించి, ఎక్కడైనా చిన్న గాటు తగిలితే "ఇదిగో, ఇక్కడ కాలడం మొదలైంది" అనేవారు. ఇప్పుడు టెక్సాస్‌లో వీకెండ్లలో స్మాల్ బ్లాకులు కడుతున్నా నేను చూసేదీ అదే అంచు. ఇన్‌టేక్ వాల్వుని లోపలికొచ్చే చల్లటి మిశ్రమం చల్లబరుస్తూ ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వుకి ఆ అదృష్టం లేదు. అది తెరుచుకున్నప్పుడల్లా మండిన గ్యాసు దాని చుట్టూ ఒరుసుకుంటూ పోతుంది. ఆ వేడిలో దాదాపు ముప్పావు వంతు సీటుకి ఆనుకున్న ఆ కాసేపట్లోనే హెడ్‌లోకి దిగాలి, మిగతాది కాండం నుంచి గైడ్‌లోకి. 6,000 ఆర్‌పీఎం దగ్గర వాల్వు సెకనుకి 50 సార్లు తెరుచుకుంటుంది. అంటే సీటు సరిగ్గా ఆనకపోతే వేడికి పోయే దారే లేదు.

అందుకే ఎగ్జాస్ట్‌కి మెటీరియల్ ముఖ్యం. 21-4ఎన్ అంటే సుమారు 21 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉన్న స్టీలు. ఎర్రగా కాలినా బలం నిలుపుకుంటుంది. కాకపోతే దీన్ని కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరచడం కుదరదు. కాబట్టి రాకర్ (వాల్వుని నొక్కి తెరిచే మీట) కొట్టే కొనకి గట్టి ముక్క అతికించి ఉందో లేదో, కాండానికి క్రోమ్ పూత ఉందో లేదో చూసుకోండి. టర్బో పెట్టే ఆలోచన ఉంటే ఎగ్జాస్ట్ ఎనిమిదీ ఇంకొనెల్ 751లో తీసుకోవచ్చు. అది నికెల్ ప్రధానంగా ఉన్న మిశ్రమం, ఎక్కువసేపు వేడిలో నిలబడుతుంది. కార్బురేటర్ మీద నడిచే మీ ఇంజనుకి దాని అవసరం లేదు. ఎగ్జాస్ట్ అంచు మందం మటుకు 2 మిల్లీమీటర్లకి తగ్గనివ్వకండి. పలచటి అంచు ముందు కాలుతుంది.

ఇప్పుడు సైజు సంగతి. వాల్వు తన వ్యాసంలో నాలుగో వంతు లేచేసరికి, దాని చుట్టూ తెరుచుకున్న జాగా వాల్వు ముఖం వైశాల్యంతో సమానమవుతుంది. 2.02ని నాలుగుతో భాగిస్తే 505 థౌ. మీ క్యామ్ లిఫ్ట్ 510. ఇంతకంటే చక్కటి జోడీ ఏం కావాలి? పెద్ద వాల్వు తక్కువ లిఫ్ట్‌లో కూడా కొంచెం ఎక్కువ జాగా ఇస్తుంది, కాదనను. కానీ 4 అంగుళాల బోరులో 23 డిగ్రీల కోణంలో దిగే వాల్వు అంచు సిలిండర్ గోడకి దగ్గరగా వస్తుంది, ఆ వైపు గాలి దూరదు. పైగా 2.08 వేయాలంటే సీటు రింగు మార్చాలి, దాని కింద గొంతు (గాలి దారి ఇరుకయ్యే చోటు) కూడా పెంచాలి. గొంతు వాల్వు వ్యాసంలో 90 శాతం దగ్గర ఉంటే బాగుంటుంది. ఊరికే పెద్ద వాల్వు దించి గొంతు అలాగే వదిలేస్తే పెరిగేది బరువొక్కటే.

నాకు ఎదురైన దెబ్బ ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట నా 350కి 2.02 తీసి 2.055 వేయించాను. వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎడం బంకమట్టితో చూశాను. పిస్టన్ మీద వాల్వు గుంటల్లో పిల్లలు ఆడుకునే మెత్తటి మట్టి పరిచి, మట్టి అంటుకోకుండా వాల్వులకి కాస్త నూనె రాసి, పాత గాస్కెట్ వేసి, హెడ్ బిగించి, ఇంజను చేత్తో రెండు చుట్లు తిప్పాను. హెడ్ తీసి చూస్తే మట్టిలో వాల్వు ముఖం ముద్ర నున్నగా, గుండ్రంగా పడింది. నడిమధ్యకి బ్లేడుతో కోసి కొలిస్తే 2.6 మిల్లీమీటర్లు. ఇన్‌టేక్‌కి 2, ఎగ్జాస్ట్‌కి 2.5 ఉంటే చాలంటారు కాబట్టి నిశ్చింతగా మూసేశాను. కానీ ముద్ర ఒక పక్క, గుంట గోడ దగ్గర, మట్టి ఉల్లిపొరలా పలచబడి ఉంది. ఆ పక్క నేను కోసి కొలవలేదు. పిస్టన్ గుంటలు చిన్న వాల్వు కోసం చేసినవి, పెద్ద వాల్వు అంచు గుంట గోడని దాదాపు తాకుతోంది. స్ట్రిప్ మీద మూడో రన్‌లో ఇంజను ఒక సిలిండర్ మీద తడబడింది. లీక్ టెస్టర్ పెట్టి గాలి ఎక్కిస్తే కార్బురేటర్ నోట్లోంచి బుస్సుమని శబ్దం వచ్చింది. ఇన్‌టేక్ వాల్వు వంగింది. అప్పటినుంచి లోతుతో పాటు చుట్టూ ఎడం కూడా కొలుస్తాను. పక్కలకి కనీసం 1.3 మిల్లీమీటర్లు లేకపోతే హెడ్ మూయను. మీరు 2.02తోనే ఆగినా ఈ పరీక్ష మానకండి. మీ పిస్టన్లు 1.94 వాల్వుల కాలం నాటివైతే ఇది మరీ ముఖ్యం.

టైటానియం చెడ్డదని నా ఉద్దేశం కాదు. స్టీలుకంటే సుమారు 40 శాతం తేలిక. ఎక్కువ ఆర్‌పీఎంలో క్యామ్ తోసినంతసేపూ తోసి, స్ప్రింగు లాగినప్పుడు వెంటనే వెనక్కి రావాలంటే తేలిక వాల్వు పెద్ద వరం. 2006 షెవర్లే కొర్వెట్ జెడ్06 స్పోర్ట్స్ కారులో వచ్చిన 7 లీటర్ల ఎల్ఎస్7 ఇంజనులో ఇన్‌టేక్ వాల్వులు టైటానియంవే, 2.20 అంగుళాలవి. ఎగ్జాస్ట్ వాల్వులు సోడియం నింపినవి. అంత పెద్ద వాల్వుని 7,000 వరకు తిప్పాలంటే అక్కడ టైటానియానికి అర్థముంది. మీ 6,200కి మంచి స్ప్రింగుతో స్టెయిన్‌లెస్ వాల్వు ఏమాత్రం ఎగరదు, క్యామ్ కదలికనే పట్టుకుని ఉంటుంది. ఇక టైటానియం వేస్తే కాండానికి పూత, కొనకి గట్టి టోపీ, దానికి తగ్గ మెత్తటి సీటు, ఇవన్నీ కావాలి. మీ హెడ్లలో ఉన్న గట్టి సీట్లు దానికి సరిపడవు. రోడ్డు బండికి ఇంత సేవ ఎవరు చేస్తారండీ?

వాల్వు పొడవు గురించి మీరు అడగలేదు, కానీ ఇది చాలామంది మర్చిపోయే విషయం. కొన్ని అల్యూమినియం హెడ్లు 100 థౌ పొడవెక్కువ వాల్వుల కోసం చేస్తారు, స్ప్రింగుకి ఎత్తు దొరకడానికి. స్టాండర్డ్ పొడవు కొనేస్తే స్ప్రింగు కూర్చోదు. అవసరం లేని చోట పొడవు వాల్వు కొంటే రాకర్ కొన వాల్వు మీద పక్కకి ఒరుగుతుంది, గైడు ఒకవైపే అరుగుతుంది. హెడ్ తయారీదారు కాగితం మీద కాండం సైజు కూడా చూడండి. పాత స్మాల్ బ్లాకుకి 11/32 అంగుళాలు, తర్వాతి తరం ఎల్ఎస్ ఇంజనుకి 8 మిల్లీమీటర్లు. ఒకదాని బదులు ఇంకోటి ఆర్డర్ పెట్టినవాళ్లని చూశాను.

మాంగనీస్ బ్రాంజ్ గైడ్లు ఉన్నాయో లేవో చూడండి. కాండానికీ గైడుకీ మధ్య లూజు ఇన్‌టేక్‌కి ఒకటిన్నర థౌ, ఎగ్జాస్ట్‌కి రెండు థౌ. ఎగ్జాస్ట్ గైడు బిగుతుగా ఉంటే వేడెక్కాక కాండం పట్టేస్తుంది. ఆ తర్వాత జరిగేది పిస్టన్‌కి తెలుస్తుంది. సీటు 45 డిగ్రీలు, పైనా కిందా ఇంకో రెండు కోణాలు. ఆనే వెడల్పు ఇన్‌టేక్‌కి 60 థౌ, ఎగ్జాస్ట్‌కి 80 థౌ అని మెషిన్ షాపులో స్పష్టంగా చెప్పండి. గాలి కోసం ఎగ్జాస్ట్ సీటు కూడా సన్నగా కోస్తామని వాళ్లంటే ఒప్పుకోకండి. ఆ వెడల్పే మీ వాల్వుని బతికించేది.

హెడ్లు తిరిగి వచ్చాక స్ప్రింగులతో బిగించి, తలకిందులుగా కాకుండా పక్కకి తిప్పి పెట్టి, పోర్టులో కిరసనాయిలు పోయండి. ఆటోనగర్‌లో రోజూ చేసే పరీక్షే. పది నిమిషాలు ఆగి ఛాంబర్ (ఇంధనం మండే గుంట) వైపు వాల్వు అంచు చుట్టూ తెల్లకాగితం ముక్క ఆనించి చూడండి. తడి తగిలితే ఆ సీటు మళ్లీ కోయమని వెనక్కి పంపండి, పేస్టు పెట్టి నూరి సర్దుకోవద్దు.

హెడ్ కాగితం మీదున్న వాల్వు పొడవు, మీ పిస్టన్ గుంటల కొలతలు ఇక్కడే పెట్టండి. పుష్‌రాడ్ (క్యామ్ కదలికని రాకర్‌కి చేర్చే కడ్డీ) ఎంత పొడవు కావాలో అప్పుడు చూద్దాం.