లైజన్ ఉద్యోగమంటే బ్రోకర్ పనేనా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎంఏ చేసి, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గదిలో ఉంటూ గ్రూప్-1కి చదువుతున్నాను. ఈమధ్య ఒక మందుల కంపెనీ 'గవర్నమెంట్ అఫైర్స్' విభాగంలో ఉద్యోగం ఇస్తామంది. "అది బ్రోకర్ పని రా" అంటున్నారు నాన్న. అసలు అందులో చేసేదేమిటి? చేరమంటారా సార్?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ నాన్నగారి మాట ఉత్త చాదస్తమని కొట్టిపారేయలేను. నేను సెక్రటేరియట్‌లో సెక్షన్ ఆఫీసరుగా ఉన్నప్పుడు వచ్చిన లైజన్ ఆఫీసర్లలో, అంటే కంపెనీల తరఫున ప్రభుత్వంతో పనులు చూసేవాళ్లలో, చాలామంది చేతిలో స్వీట్ బాక్సు, కొత్త సంవత్సరం డైరీ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. "ఫైలు కాస్త కదపండి సార్", అంతే.

ఒకబ్బాయి మాత్రం జీవో కాపీతో వచ్చేవాడు. ఇబ్బంది పెడుతున్న క్లాజు కింద పెన్సిల్ గీత. దాని బదులు ఏం రాస్తే సరిపోతుందో విడిగా టైపు చేసి ఉండేది, ఒకే పేజీలో. అడిగినవన్నీ అయ్యాయని కాదు, ఫైనాన్స్ వాళ్లు తిప్పికొట్టినవీ ఉన్నాయి. కానీ ఆ కాగితం చూసి పై అధికారికి నోట్ రాసి పెట్టడం మా వాళ్లకు తేలిక. ఏం అడుగుతున్నారో తేలని అర్జీలు 'రిమార్కుల కోసం' శాఖాధిపతికి పోయేవి. అక్కణ్నుంచి ఎప్పుడొస్తాయో ఆ దేవుడికే తెలియాలి.

నేర్చుకోవాల్సింది ఆ అబ్బాయి పని. ఏ నిర్ణయం ఎవరి స్థాయిలో జరుగుతుందో ప్రభుత్వ పని విధానం చెప్పే బిజినెస్ రూల్స్‌లో ఉంటుంది, చదవండి. మందుల కంపెనీ కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి, ఔషధ నియంత్రణ శాఖలతోనే పని ఎక్కువ. తెలంగాణలో పరిశ్రమల అనుమతుల కోసం తెచ్చిన 2014 నాటి టీఎస్ ఐపాస్ చట్టం మెగా ప్రాజెక్టుల అనుమతులకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజుల గడువు పెట్టింది. అది దాటితే కాగితం మీదే అడగొచ్చు, ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు.

చేరేముందు ఒకటి తేల్చుకోండి. 'ఇతర ఖర్చులు' అంటూ నగదు మీ చేతికిస్తారా? ఇస్తామంటే వద్దనేయండి. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇచ్చినవాడికీ ఏడేళ్ల దాకా జైలు. బలవంతం మీద ఇచ్చినా ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే రక్షణ. కంపెనీ అయితే జరిమానా కట్టుకుంటుంది, లోపలికెళ్లేది మీరు.

నన్నడిగితే మీ వయసుకి ఇంకో దారి మేలు. చట్టసభల మీద పరిశోధన చేసే సంస్థ పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వాళ్ల ల్యాంప్ ఫెలోషిప్ ఉంది. దాదాపు ఏడాదిపాటు ఢిల్లీలో ఒక ఎంపీ దగ్గర పనిచేయాలి. సభలో అడగాల్సిన ప్రశ్నలు తయారుచేయడం, బిల్లుల మీద నోట్సు రాయడం లాంటివి. గ్రూప్-1 పాలిటీకి అంతకన్నా కోచింగ్ ఏముంటుంది? కంపెనీ ఇచ్చినంత డబ్బు రాకపోవచ్చు. 25 ఏళ్లు దాటితే తీసుకోరు కాబట్టి ఆలస్యం చేయకండి. మీ నాన్నగారికి కూడా 'మావాడు ఎంపీ దగ్గర చేస్తున్నాడు' అని చెప్పుకోవడానికి అభ్యంతరం ఉండదనుకుంటాను.