పటం గీసే ముందు పాఠం సరిచూసుకో

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మేనత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కళాశాలలో పది రోజుల పాటు జరిగిన డిజిటల్ హ్యుమానిటీస్ (సాహిత్యం, చరిత్ర వంటి వాటిని కంప్యూటర్ సాయంతో పరిశీలించడం) తరగతుల్లో రోజుకొక సాఫ్ట్‌వేర్ చొప్పున పరిచయం చేశారనీ, తరగతులు ముగిసేసరికి పేర్లు తప్ప మరేదీ మనసులో నిలవలేదనీ రాశావు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు పాత కథల్లో కనిపించే ఊళ్లన్నిటినీ ఒక పటం మీద చూపే ప్రాజెక్టు తలపెట్టావనీ, ముందుగా ఏది నేర్చుకుంటే మంచిదో చెప్పమనీ అడిగావు. ముప్ఫై ఏళ్లు గ్రంథాలయంలో పనిచేసి, అందులో చివరి ఎనిమిదేళ్లూ పాత పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలోనే ఉన్నాను కనుక ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. వాటిని దాచకుండా రాస్తున్నాను.

మొదటి మూడు నెలలు పటం జోలికి పోకు. ఆ కాలమంతా పాఠం మీద పెట్టు. పాఠం అంటే ఇక్కడ నా ఉద్దేశం కథలోని అక్షరాలు, అవి అచ్చులో ఉన్నవి ఉన్నట్టుగా. పటం గీయడం వారం రోజుల్లో వస్తుంది. ఆ పటానికి ఆధారమైన పాఠంలో తప్పుంటే మాత్రం అది ఎంత అందంగా ఉన్నా చూసేవాళ్లను పక్కదారి పట్టిస్తుంది, పైగా ఆ సంగతి బయటపడేసరికి నీ ఏడాది గడిచిపోతుంది.

రెండు వందల కథలు తీసుకుంటానని రాశావు. ఇరవై చాలు. ఇరవై కథలను నువ్వు స్వయంగా, కంప్యూటర్ లేకుండా, పెన్సిల్ చేత పట్టుకుని చదివి, ఊరి పేరు వచ్చిన ప్రతి చోటా గీత గీసుకో. తరువాత యంత్రం ఇచ్చే ఫలితం సరైనదో కాదో తేల్చడానికి ఆ గీతలే నీకు కొలమానం. కథల కోసం దూరం వెళ్లనక్కర లేదు. కాళీపట్నం రామారావు మాస్టారి పూనికతో 1997 ఫిబ్రవరి 22న మొదలైన కథల గ్రంథాలయం, కథానిలయం, శ్రీకాకుళంలోనే ఉంది. అక్కడికి వెళ్లినప్పుడు కథతో పాటు అది మొదట ఏ పత్రికలో, ఏ సంచికలో అచ్చయిందో తప్పక రాసుకో, ఎందుకంటే ఏ సంవత్సరపు కథో తెలియకపోతే నీ పటానికి విలువ ఉండదు. కారణం కింద చెబుతాను. ఇంకొక మాట. మన చట్టం ప్రకారం రచయిత కన్నుమూసిన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ల వరకు కాపీహక్కు ఉంటుంది. 1915లో పోయిన గురజాడ వారి రచనలను ఎవరైనా వాడుకోవచ్చు కాని, నిన్న మొన్నటి రచయితల కథలను చదువు కోసం నీ దగ్గర ఉంచుకోవడం వేరు, పూర్తి పాఠాన్ని అందరికీ పంచడం వేరు. రెండో పనికి వారసుల అనుమతి అడగాలి.

ఇక ఓసీఆర్ సంగతి, అంటే పుట చిత్రంలోని అక్షరాలను చదివి టైపు చేసిన పాఠంగా మార్చే పద్ధతి. గూగుల్ డ్రైవ్ అయినా, టెసెరాక్ట్ అయినా తెలుగు పుటను చదవగలవు. అచ్చు శుభ్రంగా ఉంటే చక్కగానే చదువుతాయి. పాత పత్రిక కాగితం పసుపు పచ్చబడి, వెనుక పుట సిరా ఇవతలికి కనిపిస్తున్నప్పుడు మాత్రం ద, ధ, థ ఒకదానికొకటి మారిపోతాయి, వత్తులు ఊడిపోతాయి, అరసున్న కాస్తా నిండు సున్న అవుతుంది, రెండు నిలువు వరుసల్లో అచ్చయిన కథ అడ్డంగా కలిసిపోయి ఒక వాక్యం సగం మరొక వాక్యం సగంతో అతుక్కుంటుంది. అందువల్ల ప్రతి పుటనూ అచ్చు పక్కన పెట్టుకుని ఒకసారి పైకి చదువుతూ సరిచూడు. కళ్లు దాటేసిన తప్పును చెవి పట్టుకుంటుంది. మన తాతగారు లెక్కల పుస్తకం సరిచూసేటప్పుడు ఒకరు చదువుతుంటే ఇంకొకరు వినేవారు. నీ స్నేహితుడితో కూర్చుని అలాగే చెయ్యి. ఎవరైనా పెద్దాయన తన కథను టైపు చేయించిన ఫైలు ఇస్తానంటే సంతోషించే ముందు అది అన్ని కంప్యూటర్లూ చదవగల యూనికోడ్ సంకేతాల్లో ఉందో లేదో చూడు. డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి వాడిన అను ఫాంట్ల ఫైలును ఇతర సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. దానిని మార్పిడి చేశాక కూడా అచ్చుతో పోల్చి చూడవలసిందే.

ఇక్కడ నా నష్టం ఒకటి చెప్పాలి. ఒక పాత నవలను నెల రోజులు కష్టపడి సరిచేసిన తరువాత, వ్రాసెను, వ్రాత వంటి మాటలన్నీ నేటి రాతలోకి వస్తే వెతకడానికి సులువుగా ఉంటుందని, వ్రా అన్న చోటల్లా రా పెట్టమని ఒక్క ఆజ్ఞతో మార్చేశాను. తీవ్రావేశం కాస్తా తీరావేశం అయింది. అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో తెలుసుకునే దారి లేదు, ఎందుకంటే మార్చిన ఫైలునే పాతదాని మీద భద్రపరిచాను. ఆ నెల పని మళ్లీ మొదటి నుంచి చేశాను. నాటి నుంచి నేను పాటించే పద్ధతి ఇది: స్కాన్ చేసిన చిత్రం ఒక సంచయంలో (ఫోల్డరులో), అచ్చును తు.చ. తప్పకుండా దించిన పాఠం మరొక సంచయంలో, లెక్కల కోసం నేటి రాతకు మార్చుకున్న పాఠం మూడో సంచయంలో ఉంటాయి. మొదటి రెండింటినీ ఎవరూ ముట్టరు. మార్చిన ప్రతిసారీ ఫైలు పేరులో తేదీ చేరుతుంది.

ఇప్పుడు లెక్కలు. వాయెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పాఠం పెట్టగానే ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో చూపుతుందని నీకు ముచ్చట వేసినట్టుంది. అది లెక్కపెట్టేది మాటలను కాదు, ఖాళీకీ ఖాళీకీ మధ్య ఉన్న అక్షరాల గుంపులను. విజయనగరం, విజయనగరంలో, విజయనగరానికి, విజయనగరపు అన్నవి దానికి నాలుగు వేర్వేరు మాటలు. విభక్తులు మాటకే అతుక్కునే మన భాషలో ఈ చిక్కు అడుగడుగునా ఉంటుంది కనుక, విజయనగర అన్నంత వరకే ఇచ్చి, ఆపైన ఏమున్నా పట్టుకొమ్మని వెతకడం నేర్చుకో. పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పారన్నావు కదా, అందులో మాటలను విడదీయడానికి అందరూ వాడే సూత్రం గుణింతపు గుర్తులనూ సున్ననూ అక్షరాలుగా ఎంచదు. ఆ సూత్రం చేతికి విజయనగరం ఇస్తే వ ఒక మాటగా, జయనగర ఇంకొక మాటగా బయటికి వస్తాయి. పాఠంలో మాటలు వెతికి చూపే యాంట్‌కాంక్ పాత వెర్షన్లలోనూ, ఏది మాటగా ఎంచాలో చెప్పే టోకెన్ అమరికలో అక్షరాలతో పాటు గుర్తుల వర్గాన్ని మనమే చేర్చవలసి ఉంటుంది. స్టేషన్‌లో అని విడిగా రాసినదీ, స్టేషన్లో అని వత్తుతో రాసినదీ కంప్యూటర్‌కు రెండు మాటలే. ఇంకా సూక్ష్మమైనది ఐత్వం. దానిని ఒకే సంకేతంగానూ, ఎత్వానికి కింది గుర్తు జతచేసిన రెండు సంకేతాలుగానూ దాచవచ్చు. కంటికి రెండూ ఒకటే, లెక్కకు వేర్వేరు. అందుకే పని మొదలుపెట్టే ముందే పాఠమంతటినీ ఎన్‌ఎఫ్‌సీ రూపానికి, అంటే ఇలాంటి గుర్తును అన్ని చోట్లా ఒకే తీరున దాచే రూపానికి, తెచ్చుకో. పైథాన్‌లో అది ఒక్క పంక్తి పని.

లెక్క వచ్చాక కూడా నమ్మకు, ప్రతి మాటనూ దాని చుట్టూ ఉన్న మాటలతో కలిపి చూడు. యాంట్‌కాంక్‌లో వెతికిన మాట నడుమ నిలువు వరుసగా, ఇరువైపులా సందర్భంతో కనిపిస్తుంది. నేను మొదటిసారి మన వైపు కథల్లో ఏటి అన్న మాట కోసం వెతికినప్పుడు, ఏటి గట్టు పక్కనే ఏటి సేస్తన్నావు అనీ, దాని కిందే ప్రతి ఏటి పండుగ అనీ వచ్చాయి. నాగావళి ఏరు ఒకటి, మన ఇళ్లలో ఏమిటి అనడానికి అనే మాట ఒకటి, సంవత్సరం ఒకటి. కథల్లో నదుల ప్రస్తావన ఎంత అని నువ్వు ఆ లెక్కను అచ్చు వేస్తే అది అబద్ధమవుతుంది. ఈ సందర్భంలోనే ఒక విన్నపం. ఎవరి మాటలైనా రికార్డు చేసి రాతలో పెట్టవలసి వస్తే ఏటి అన్నది ఏమిటి అని దిద్దకు, ఏ యంత్రాన్నీ దిద్దనివ్వకు. శ్రీముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం నోటి మాటకు పుస్తకంలో చోటు ఉండాలని జీవితమంతా పోరాడారు, సవర గిరిజనుల మాటను వారి దగ్గరే నేర్చుకుని దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. ఆయన పుట్టిన జిల్లాలో చదువుకుంటూ మన యాసను చెరపడం నాకు బాధ కలిగిస్తుంది.

నీ పటానికి అసలు పరీక్ష ఊరి పేర్లతో మొదలవుతుంది. కథలో విజయనగరం అని ఉంటే అది మన కోట ఉన్న విజయనగరమో, తుంగభద్ర ఒడ్డున రాయలేలిన విజయనగరమో యంత్రానికి తెలియదు. ఇంగ్లిషులో రెంటికీ వేరు స్పెల్లింగు ఉంది, తెలుగులో లేదు. శ్రీకాకుళానిదీ అదే కథ. కృష్ణా జిల్లాలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం మరొకటి ఉంది. పేర్లను దానంతటదే అక్షాంశ రేఖాంశాలుగా మార్చే సేవకు జాబితా అప్పగిస్తే నీ చుక్కలు కొన్ని హంపిలోనూ కొన్ని కృష్ణ ఒడ్డునా పడతాయి. పైగా ఒకే ఊరికి అనేక రూపాలుంటాయి. పాత దొరల దస్తావేజుల్లో శ్రీకాకుళం చికాకోల్, పాత్రల నోట విజయనగరం ఇజీనగరం. అందుచేత ఊళ్ల పట్టిక ఒకటి నీ చేత్తో తయారుచేసుకో: కథలో ఉన్న రూపం, నువ్వు నిర్ణయించిన ఊరు, ఎందుకు అలా నిర్ణయించావో ఒక వాక్యం, కథ అచ్చయిన సంవత్సరం. ఏ ఊరో తేలకపోతే తేలలేదనే రాయి. పట్టికలను శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్‌లో ఆ పట్టికను తెరిస్తే ఒకే ఊరికి నువ్వు ఎన్ని రకాలుగా రాశావో, ఏది ఎన్నిసార్లు రాశావో పక్కన వరుసగా కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడిన సాఫ్ట్‌వేర్ అదే.

సంవత్సరం ఎందుకన్నానంటే, పార్వతీపురాన్నే తీసుకో. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడే వరకు అది విశాఖపట్నం జిల్లాలో ఉంది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాకు కేంద్రమైంది. ఊరు కదలలేదు, జిల్లా మూడుసార్లు మారింది. 1960లో వచ్చిన కథలో జిల్లా కలెక్టరు ఆఫీసుకు బయలుదేరిన రైతు శ్రీకాకుళం బస్సు ఎక్కుతాడు. నేటి హద్దుల మీద ఆ కథను పెడితే అతను తన జిల్లా దాటి ఎందుకు వెళ్తున్నాడో చదివేవారికి అర్థం కాదు. జిల్లా హద్దులు చూపదలిస్తే ఆ కథ కాలం నాటివి చూపు. పాత హద్దులు దొరక్కపోతే హద్దులే లేకుండా నదులూ రైలు మార్గమూ మాత్రం ఉంచు.

పటాలు గీసే క్యూజీఐఎస్‌లో చుక్కలు పెట్టేటప్పుడు రేఖాంశం ఎక్స్ గడిలో, అక్షాంశం వై గడిలో పడాలి. విజయనగరానికి రేఖాంశం సుమారు 83.4, అక్షాంశం 18.1. తారుమారైతే మన ఊరు ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సముద్రంలో తేలుతుంది. పట్టికను తెలుగు అక్షరాలను దాచగల యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో భద్రపరచు. ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు చెదిరిపోవచ్చు, ఆ చెదిరిన దానిని భద్రపరిస్తే ఇక తిరిగి రాదు. లిబ్రే ఆఫీసు తెరిచే ముందే ఏ ఎన్‌కోడింగ్ అని అడుగుతుంది, దానినే వాడు.

పాత్రల సంబంధాల వలలు గీసే గెఫీ, ఎగ్జిబిషన్లు కట్టే ఒమేకా ఇప్పుడు నీకు అవసరం లేదు, నీ ప్రశ్న వాటిని అడగడం లేదు. నాటకం మీద పని చేసిననాడు ఎవరి మాట ఎవరిదో గుర్తుపెట్టే టీఈఐ నేర్చుకుందువు గాని. కన్యాశుల్కం 1897 ప్రతికీ, గురజాడ వారు బాగా పెంచి తిరగరాసిన 1909 ప్రతికీ మధ్య తేడాలను ఆ పద్ధతిలో గుర్తించాలని నాకూ కోరిక ఉంది. అది ఇద్దరం కలిసి చేయదగిన పని.

ఒక నోటుపుస్తకం కొనుక్కుని, పని చేసిన ప్రతి రోజూ ఏం మార్చావో, ఎందుకు మార్చావో, ఏది తేలకుండా మిగిలిందో రెండు పంక్తులు రాయి. దసరా తరువాతి మంగళవారం సిరిమానోత్సవానికి ఎలాగూ మా ఇంటికి వస్తావు. అప్పటికి మొదటి అయిదు కథల స్కాన్లు, సరిచూసిన పాఠం, ఊళ్ల పట్టిక, ఆ నోటుపుస్తకం తీసుకురా. పండుగ మర్నాడు ఇద్దరం కూర్చుని, నువ్వు పెన్సిల్‌తో గీసిన గీతలను పట్టికతో ఒక్కొక్కటిగా పోల్చి చూద్దాం. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

మీ అత్త