కొత్త క్లచ్ వేశాక ఫోర్ బై ఫోర్ వణుకుతోందా? గేర్‌బాక్స్ మళ్లీ దింపించే ముందు ఇవి చూడండి

డీజిల్ ఫోర్ బై ఫోర్‌కి క్లచ్ సెట్ మొత్తం మార్పించాక, మొదటి గేర్లోనూ రివర్స్‌లోనూ బండి కదిలేటప్పుడు గడగడా వణుకుతోందని ఒక పాఠకుడు రాశారు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మీద మరీ ఎక్కువట. గ్యారేజీవాళ్లేమో 1000 కి.మీ. తిరిగితే అదే సర్దుకుంటుందంటున్నారట. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది గానీ అంత దూరం అక్కర్లేదు. కొత్త క్లచ్ ప్లేట్ ఫ్లైవీల్‌తో (ఇంజిన్ వెనక తిరిగే బరువైన ఇనుప చక్రంతో) ఒరుసుకుని కుదురుకోవడానికి సిటీలో సాధారణంగా 300 నుంచి 500 కి.మీ. చాలు. ఆలోపు వణుకు రోజురోజుకీ తగ్గుతూ రావాలి. తగ్గకపోయినా, బండి వేడెక్కేకొద్దీ పెరుగుతున్నా అది దానంతటది పోయేది కాదు.

ఆ కిలోమీటర్లు బెంగళూరు దేవనహళ్లి హైవే మీద తిరిగితే లెక్కలోకి రావు. టాప్ గేర్లో పోతున్నంతసేపూ ప్లేట్ ఒరుసుకోదు కదా. సిల్క్ బోర్డ్ దగ్గర సాయంత్రం గంటసేపు ఇరుక్కుంటే అయ్యే పని హైవే మీద రోజంతా తిరిగినా అవదు. ఆ జంక్షన్ వల్ల మనకు కలిగే లాభం బహుశా ఇదొక్కటే. కాకపోతే అక్కడ హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టకండి. ప్లేట్ ఫేసింగ్ (దాని మీది రాపిడి పొర) కాలి నున్నగా మెరుపెక్కిందంటే ఇక ఎంత తిప్పినా కుదురుకోదు.

ముందు తేల్చుకోవాల్సింది, పెడల్ పూర్తిగా వదిలేశాక వణుకు ఆగుతోందా లేదా అన్నది. క్లచ్ జడ్డర్, అంటే క్లచ్ వల్ల వచ్చే ఈ వణుకు, ప్లేట్ జారుతున్నంతసేపే ఉంటుంది. ప్లేట్ పూర్తిగా పట్టుకున్నాక ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి అది ఆగిపోవాలి. పెడల్ పైకి వచ్చేశాక కూడా 20-40 కి.మీ. వేగంలో కింద నుంచి దడదడ వస్తుంటే క్లచ్‌ని వదిలేసి ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసుకి శక్తి తీసుకెళ్లే పొడవాటి గొట్టం) చూడండి. వానాకాలంలో, లేదా బండి కడిగిన మర్నాడు పొద్దున మొదటి రెండు మూడు సార్లు మాత్రమే వణికి ఆగిపోతే, అది ఫ్లైవీల్ మీద పట్టిన తేమ, పల్చటి తుప్పు. దానికి ఏమీ చేయక్కర్లేదు.

ఫోర్ బై ఫోర్‌లో క్లచ్ మార్చాలంటే చాలా బళ్లలో ముందూ వెనకా ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె), కింద క్రాస్ మెంబర్ (గేర్‌బాక్స్‌ని మోసే అడ్డ దూలం), దాని మౌంటింగులు (రబ్బరు దిమ్మెలు) అన్నీ విప్పాలి. అంటే వణుకు పుట్టడానికి మామూలు కారు కంటే ఎక్కువ చోట్లున్నాయి. పైగా వాటిలో సగం గేర్‌బాక్స్ దింపకుండానే చూడొచ్చు. మళ్లీ దింపుదామని గ్యారేజీవాళ్లు తొందరపడినా, ఈ సగం అయ్యేదాకా ఒప్పుకోకండి.

మౌంటింగులతో మొదలుపెట్టండి. బానెట్ తెరిచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒకరు ఫుట్‌బ్రేక్ గట్టిగా తొక్కి మొదటి గేర్లో క్లచ్ కొద్దిగా పట్టేదాకా వదలాలి, తర్వాత రివర్స్‌లో. ఒకటి రెండు క్షణాలు చాలు, ఎక్కువసేపు పట్టి ఉంచితే ప్లేట్ కాలుతుంది. చూసేవాళ్లు పక్కన నిలబడాలి, బండికి ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు. ఇంజిన్ కొద్దిగా ఒరగడం మామూలే. ఒక వైపుకి ఎగిరి ధన్‌మని పడుతుంటే రబ్బరు పోయింది లేదా బోల్టు వదులుగా ఉంది. రివర్స్‌లోనే ఎక్కువ వణికే బళ్లలో నేను ముందు అనుమానించేది దీన్నే. రబ్బరు బాగానే ఉన్నా, మౌంటింగ్ మెలిపడి ఉండగానే బోల్టులు బిగించేసి ఉండొచ్చు. ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ మౌంటింగు బోల్టులన్నీ కొద్దిగా వదులు చేసి, బరువు దానంతటది కూర్చున్నాక మళ్లీ బిగించమనండి. అరగంట పని.

తర్వాత షాఫ్టులు. విప్పే ముందు ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు) మీద, స్లిప్ యోక్ (షాఫ్ట్ చివర జారే ముక్క) మీద గుర్తు పెట్టుకోకపోతే బిగించేటప్పుడు ఒకటి రెండు పళ్లు అటూ ఇటూ అవుతాయి. ఒకే షాఫ్ట్ రెండు చివర్లా ఉన్న యోకులు సాధారణంగా ఒకే వరసలో ఉండాలి. పాత గుర్తులుంటే వాటినే నమ్మండి. యూజే (యూనివర్సల్ జాయింట్) క్రాస్‌ని చేత్తో మెలితిప్పి చూస్తే ఆట, అంటే వదులు, తెలియకూడదు. రెండు ముక్కల షాఫ్ట్ ఉన్న బండిలో సెంటర్ బేరింగ్ కొంచెం పక్కకి బిగిసినా, కదిలేటప్పుడు వచ్చే వణుకు అచ్చం క్లచ్ జడ్డర్‌లాగే ఉంటుంది. వెనక కమాన్ పట్టీలుంటే యూ బోల్టుల బిగువు కూడా చూడండి. బండిని ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించి ఉంటే షాఫ్ట్ కోణం మారిపోతుంది, దాని వల్లా స్టార్టింగ్‌లో వణుకొస్తుంది. పెద్ద టైర్లు వేశారా? టైరు వ్యాసం 10 శాతం పెరిగితే గేరింగ్ కూడా అంతే ఎత్తవుతుంది. అదే ర్యాంపు ఎక్కడానికి ప్లేట్ ఇంకాస్త ఎక్కువసేపు జారాలి.

ముందు షాఫ్ట్ మీద అనుమానం ఉంటే మట్టి నేల మీదికి తీసుకెళ్లి, స్టీరింగ్ నేరుగా పెట్టి, టూ హైలో (రెండు చక్రాలకే శక్తి) ఒకసారి, ఫోర్ హైలో (నాలుగింటికీ) ఒకసారి కదిలించి చూడండి. ఫోర్ హైలోనే ఎక్కువైతే తప్పు ముందు వైపే. ఈ పరీక్ష తారు రోడ్డు మీద వద్దు. పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్‌లో (కావాలన్నప్పుడే ఫోర్ బై ఫోర్ వేసుకునే రకంలో) ముందు, వెనక ఇరుసులు కలిసి బిగిసిపోతాయి కాబట్టి మలుపులో వణుకు ఎలాగూ వస్తుంది, దాన్ని చూసి క్లచ్ అనుకుంటారు.

బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే గంట ఆకారపు కవచం) అడుగున ఉన్న చిన్న రంధ్రం దగ్గర తడి ఉందేమో వేలు పెట్టి చూడండి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, అంటే క్రాంక్ వెనక సీల్. ఘాటుగా గంధకం వాసనొస్తే గేర్ ఆయిల్, అంటే ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే షాఫ్ట్) సీల్. క్లచ్‌ని నొక్కే సిలిండర్ బెల్ హౌసింగ్ లోపలే ఉండే హైడ్రాలిక్ రకమైతే బ్రేక్ ఫ్లూయిడ్ కూడా కారొచ్చు. వీటిలో ఏది ప్లేట్‌కి అంటినా ఆ ప్లేట్ పనికిరాదు. పెట్రోల్‌తో కడిగి ఎండబెట్టి వేస్తామంటారు; ఫేసింగ్ పీల్చుకున్న నూనె వేడికి మళ్లీ బయటికొస్తుంది.

ఇవన్నీ బాగుండి, వేడెక్కేకొద్దీ వణుకు పెరుగుతుంటే గేర్‌బాక్స్ దింపక తప్పదు. అప్పుడు మొదట చూడాల్సింది ఫ్లైవీల్. ‘సెట్ మొత్తం’ అంటే సాధారణంగా ప్లేట్, ప్రెషర్ ప్లేట్ (ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి అదిమి పట్టే భాగం), బేరింగ్ మాత్రమే. ఫ్లైవీల్ పాతదే ఉంటుంది. దాని మీద నీలంగానో నల్లగానో మచ్చలుంటే, అక్కడ ఇనుము కాలి గట్టిపడిందని అర్థం. గట్టి చోట ఒక పట్టు, మెత్తటి చోట ఇంకో పట్టు, అదే వణుకు. ఎమెరీ కాగితంతో రుద్దితే రంగు పోతుందే గానీ గట్టిదనం పోదు. కలాసిపాళ్యం, జేసీ రోడ్ వైపు ఫ్లైవీల్ ముఖం చదును చేసేవాళ్ల దగ్గరికి పంపేటప్పుడు లేత్ కోత కాదు, గ్రైండింగ్ కావాలని అడగండి. లేత్ టూల్ గట్టి మచ్చ మీదికి రాగానే ఎగిరి దాటేస్తుంది, అక్కడ కంటికి కనపడని బొడిపె మిగులుతుంది. గ్రైండింగ్ రాయి రెండింటినీ సమంగా తీస్తుంది. ప్రెషర్ ప్లేట్ కూర్చునే అంచు, ప్లేట్ తాకే ముఖం వేర్వేరు ఎత్తుల్లో ఉంటే రెండిటి నుంచీ ఒకే మందం తీయాలి, లేకపోతే బిగింపు బలం మారిపోతుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండేది) అయితే మెషినింగ్ జోలికి పోకుండా, ఆట ఎంతుందో కొలిచి, ఎక్కువైతే మార్చడమే మేలు.

తిరిగి వేశాక డయల్ గేజ్ (వంకరని ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి కొలవమనండి. ఫ్లైవీల్ వంకరకి చాలా మాన్యువల్స్ ఇచ్చే హద్దు 0.1 మి.మీ. చుట్టుపక్కల, ప్లేట్‌కి 0.8 మి.మీ. చుట్టుపక్కల. మీ మోడల్ మాన్యువల్‌లో ఏముంటే అదే ప్రమాణం. ప్రెషర్ ప్లేట్ మధ్యలో ఉండే డయాఫ్రం స్ప్రింగ్ వేళ్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి.

బిగించడంలోనే సగం జడ్డర్లు పుడతాయి. కొత్త ప్రెషర్ ప్లేట్ ముఖానికి తుప్పు పట్టకుండా పూసిన నూనెని బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్ల (పొడవాటి గాడుల) మీద గ్రీజు పల్చగా రాసి, ప్లేట్‌ని ముందుకీ వెనక్కీ జరిపి, బయటికొచ్చింది తుడిచేయాలి; మిగిలితే తిరిగేటప్పుడు చిమ్మి ఫేసింగ్ మీద పడుతుంది. ప్రెషర్ ప్లేట్ బోల్టుల్ని ఎదురెదురుగా, ఒక్కోదాన్ని సగం చుట్టు చొప్పున బిగించుకుంటూ పోయి చివర టార్క్ రెంచ్ వాడాలి. ఒకే వైపు నుంచి ఎయిర్ గన్‌తో లాగించేస్తే కవర్ వంగుతుంది.

ఫోర్ బై ఫోర్‌లో తరచూ జరిగే తప్పు గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడే. ట్రాన్స్‌ఫర్ కేస్ తగిలించే ఉంచి ఎక్కిస్తే బరువంతా వెనక్కి లాగుతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ సగం దూరాక మనుషులు అలిసిపోయి ఒక్క క్షణం వదిలినా, ఆ బరువు ప్లేట్ మధ్య హబ్ మీద వేలాడి దాన్ని వంచేస్తుంది. బయటికి ఏమీ కనపడదు, వణుకు మాత్రం మొదటి రోజు నుంచే ఉంటుంది, తగ్గదు. ట్రాన్స్‌మిషన్ జాక్ వాడాలి, వీలైతే ట్రాన్స్‌ఫర్ కేస్ విడిగా ఎక్కించాలి. తల కోసేసిన రెండు పొడవాటి బోల్టుల్ని పై రంధ్రాల్లో గైడ్లుగా పెట్టుకుంటే గేర్‌బాక్స్ వాటి మీద నేరుగా జారుతుంది. డోవెల్ పిన్నులు (గేర్‌బాక్స్‌ని ఇంజిన్‌కి సరిగ్గా కుదిర్చే చిన్న చీలలు) రెండూ తమ చోట ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడాలి. బెల్ హౌసింగ్ పూర్తిగా ఆనకుండా బోల్టులతో లాగి బిగించడం మాత్రం ఒప్పుకోవద్దు.

దింపాక ఇప్పుడున్న ప్లేట్‌నే మళ్లీ వేయొచ్చా అని అడుగుతారు. హబ్ వంగినా, నూనె తాకినా, కాలిన వాసన వస్తున్నా కొత్తదే. తప్పు ఫ్లైవీల్‌ది మాత్రమే అయి, రివెట్ తలలు ఫేసింగ్ కంటే బాగా లోతుగా ఉండి, డయల్ గేజ్‌లో ప్లేట్ వంకర లేదని తేలితే అదే వేసుకోవచ్చు. మళ్లీ 300 కి.మీ. మెల్లగా నడపాలి. విప్పేటప్పుడు ఫ్లైవీల్ ముఖం, ప్లేట్ రెండు వైపులా, బెల్ హౌసింగ్ లోపల ఫొటోలు తీసి పంపమని ముందే చెప్పి ఉంచండి. లేబర్ చార్జీ ఎవరు పెట్టుకోవాలన్న మాట వచ్చినప్పుడు అవే పనికొస్తాయి.