బండి అమ్మేసి ఏడాదిన్నర... పరిహారం నేను కట్టాలా?

ప్రశ్న: మాది కావలి. 2022 మార్చిలో నెల్లూరులో కొత్త క్రెటా కొన్నాను. మరుసటి ఏడాది ఆగస్టులో దాన్ని మా పెదనాన్నగారి అల్లుడికి, అంటే నాకు బావ వరస అయిన ఆయనకు, పదకొండున్నర లక్షలకు ఇచ్చేశాను. ఎనిమిది లక్షలు బ్యాంకులో వేశారు, మూడున్నర లక్షలు చేతికి ఇచ్చారు. బండి బదిలీకి కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చాను. కందుకూరు వెళ్ళాక ఆర్‌సీ తన పేరుకు మార్పించుకుంటానన్నారు. మార్పించుకోలేదు. ఫాస్టాగ్ కూడా నా ఖాతాలోనే ఉండిపోయింది. 2025 ఫిబ్రవరి 2 రాత్రి సింగరాయకొండ దగ్గర జాతీయ రహదారి మీద ఆయన నడుపుతూ మోటారుసైకిల్‌ను గుద్దారు. ఒక ఎలక్ట్రీషియన్ కాలు పోయింది. బాధితుడు జూన్‌లో ఒంగోలులో 38 లక్షలకు కేసు వేశాడు. మొదటి ప్రతివాది బావ, రెండో ప్రతివాది నేను. ఇన్సూరెన్స్ అప్పటికే అయిపోయింది. కోర్టు నోటీసు వస్తే మా ఆవిడ భయపడి తీసుకోలేదు. వాయిదాకు నేను వెళ్ళలేదు. బావ ఆ బండిని తిరుపతికి బాడుగకు తిప్పేవాడని కూడా విన్నాను. పాత తేదీ స్టాంపు కాగితం మీద అమ్మకం ఒప్పందం రాయించుకుంటే బయటపడతావని ఒక మిత్రుడు అంటున్నాడు. సొంత మనిషని నమ్మినందుకు నాకెందుకీ శిక్ష? కేసును కావలికి మార్పించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీరు ఆరు పేజీలు రాశారు. స్థలం చాలక పైన కుదించి ఇచ్చాం. అసలు ఉత్తరంలో నాలుగున్నర పేజీలు మీ బావగారి గురించే: ఆయన పెళ్ళికి మీరు పడిన శ్రమ, బండి తీసుకెళ్ళేటప్పుడు ఆయన ఇచ్చిన మాట, ఇప్పుడు ఫోను ఎత్తకపోవడం. అన్నీ చదివాను. ప్రమాద పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్ వాటిలో ఒక్క ముక్క కూడా అడగదు. అడిగేవి రెండే. ప్రమాదం జరిగిన రోజున బండి ఎవరి పేరు మీద ఉంది? ఆ రోజున దానికి పాలసీ ఉందా?

మొదటి ప్రశ్నకు జవాబు మీకు రుచించదు. రెండో ప్రశ్నకు జవాబు మీ ఉత్తరం వెనకే మడతపెట్టి ఉంది. మీరే చూసుకోలేదు.

మీరు జతచేసిన పాలసీ జిరాక్సు మొదటి పేజీలో కాలవ్యవధి అన్న చోట రెండు వరుసలున్నాయి. పై వరుస బండికి జరిగే సొంత నష్టానికి: 18-03-2022 నుంచి 17-03-2023 వరకు. దాని కింద, జిరాక్సు మసకలో సగం కలిసిపోయి, థర్డ్ పార్టీ వరుస, అంటే ఎదుటివారికి జరిగే హానికి: 18-03-2022 నుంచి 17-03-2025 వరకు. నేను భూతద్దం పెట్టి చూశాను. ప్రీమియం పట్టికలో థర్డ్ పార్టీకి ఎదురుగా 9,534 రూపాయలు వేసి ఉంది. మీ బండి 1497 సీసీ. ఆ తరగతి కారుకు అప్పట్లో మూడేళ్ళ థర్డ్ పార్టీ ప్రీమియం సరిగ్గా అంతే. ఏడాది పాలసీకి ఎవరూ అంత కట్టించుకోరు. కొత్త కారు అమ్మేటప్పుడు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరిగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2018 జులైలో ఆదేశించింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అది అమలులో ఉంది. షోరూమ్‌లో మీరు కట్టిన మొత్తంలో ఆ డబ్బు కలిసే ఉంది.

అంటే అయిపోయింది సొంత నష్టం బీమా. ఎదుటి మనిషికి జరిగిన హానికి బీమా ప్రమాదం నాటికి బతికే ఉంది, ఇంకా నలభై మూడు రోజులు మిగిలి ఉంది. మీ కేసంతా ఈ నలభై మూడు రోజుల మీద నిలబడి ఉంది.

ఇప్పుడు చేదు సంగతి. బండి అమ్మేశాను, డబ్బు తీసుకున్నాను, తాళాలు ఇచ్చేశాను అన్న వాదన బాధితుడి ముందు పనికిరాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) ప్రకారం రిజిస్టరులో పేరున్నవాడే యజమాని. నవీన్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది. అక్కడ కారు ఒకరి తర్వాత ఒకరుగా నాలుగు చేతులు మారింది, ఆర్‌సీ మాత్రం మొదటివాడి పేరు మీదే ఉండిపోయింది. బాధ్యత మొదటివాడిదే అన్నారు. దెబ్బ తగిలినవాడు బండి ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందో వెతుక్కుంటూ తిరగాలా అన్నది న్యాయమూర్తుల ప్రశ్న. అందులో తప్పు పట్టడానికి ఏముంది? ఒక కాలుతో ఆ ఎలక్ట్రీషియన్ కందుకూరు వీధుల్లో మీ బావగారి సంతకం వెతకాలా?

సంతకాలు పెట్టి ఇస్తే మీ పని అయిపోయిందనుకున్నారు. అవ్వలేదు. సెక్షన్ 50 ప్రకారం అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లోగా బదిలీ సంగతి రవాణా అధికారికి తెలపాలి. అది కొన్నవాడి పని కాదు, మీ పని. కొన్నవాడికి ముప్ఫై రోజుల గడువు వేరే ఉంది. ఫారం 29 అన్నది మీరు ఇచ్చే సమాచారం. దాన్ని మీరే ఇంకొకరి జేబులో పెట్టి పంపారు. ఎంత చదువుకున్నవారైనా ఈ ఒక్క చోట ఇలాగే చేస్తారు. పదకొండున్నర లక్షల బండి చేతులు మారుతుంటే రవాణా కార్యాలయానికి వెళ్ళడానికి ఒక పూట దొరకదు.

యజమానిగా మీ బాధ్యత తప్పదన్న ఈ మాటే మిమ్మల్ని కాపాడుతుంది కూడా. చట్టం దృష్టిలో యజమాని మీరే, పాలసీ మీ పేరు మీదే, గడువు ఉంది. కాబట్టి మీ తరఫున కట్టవలసింది బీమా కంపెనీ. బండి ఎప్పుడో అమ్మేశారు కాబట్టి మాకు సంబంధం లేదని కంపెనీ తప్పకుండా అంటుంది. ఆర్‌సీ మారని బండి విషయంలో ఆ వాదన చెల్లదని పుష్ప కేసులో 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్‌సీ మారినా కూడా థర్డ్ పార్టీ బీమా బండితో పాటే వెళుతుందని సెక్షన్ 157 అంటుంది. మనిషి శరీరానికి జరిగిన హానికి ఈ పాలసీలో పైపరిమితి లేదు. 38 లక్షలు అడిగినా, ట్రిబ్యునల్ చివరికి ఎంత తేలిస్తే అంత.

మరి ఆ కంపెనీ కేసులో ఎందుకు లేదు? మీ బావగారు పోలీసులకు చూపించినది పై వరుస తేదీ అయి ఉంటుంది. బీమా లేదని కాగితాల్లోకి ఎక్కింది, బాధితుడి వకీలు ఆ కాగితాలు చూసి మీ ఇద్దరి మీదే వేశారు. మీరు మొదటి వాయిదాకే వెళ్ళి ఉంటే ఇది ఆ రోజే సర్దుకునేది.

నోటీసు విషయంలో మీరు చేసినది నాకు కోపం తెప్పించింది. తీసుకోకపోతే నోటీసు అందనట్టు కాదు. నిరాకరించిన నోటీసు అందినట్టే లెక్క. ఈపాటికి మీ మీద ఎక్స్‌పార్టీ ఉత్తర్వు, అంటే మీరు లేకుండానే విచారణ సాగించే ఉత్తర్వు, పడి ఉంటుంది. విచారణ ఇంకా నడుస్తుంటే దాన్ని రద్దు చేయించుకోవడం పెద్ద పని కాదు. తీర్పే వచ్చేసి ఉంటే, రద్దు కోరడానికి తీర్పు తేదీ నుంచి ముప్ఫై రోజులే గడువు. అది దాటితే ప్రతి రోజు ఆలస్యానికీ సంజాయిషీ రాసుకోవాలి, 'మా ఆవిడ భయపడింది' అన్నది సంజాయిషీ కాదు. హైకోర్టుకు అప్పీలు తొంభై రోజుల్లోగా. దానికి ముందు 25,000 రూపాయలు లేదా తీర్పు మొత్తంలో సగం, ఏది తక్కువైతే అది డిపాజిట్ చేయాలి. ఏదీ చేయకుండా కూర్చుంటే ఆ డబ్బును భూమిశిస్తు బకాయిలాగా కలెక్టరు ద్వారా వసూలు చేయిస్తారు.

కాబట్టి ఈ వారంలోనే ఒంగోలులో ఒక వకీలుకు వకాలత్ ఇవ్వండి. ఎక్స్‌పార్టీ రద్దుకు ఒక పిటిషన్, బీమా కంపెనీని మూడో ప్రతివాదిగా చేర్చమని ఇంకొకటి, రెండూ ఒకే రోజు వేయించండి. అదే రోజు కంపెనీకి రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపండి: పాలసీ నంబరు, ప్రమాదం తేదీ, కేసు నంబరు, పిటిషన్ నకలు. ప్రమాదం జరిగిన వెంటనే తెలపాలన్నది పాలసీ షరతు, మీరు ఇప్పటికే చాలా ఆలస్యం చేశారు. ఎదుటి వకీలును చూసి దాక్కోకండి. పాలసీలో రెండో వరుస చూపిస్తే ఆయనే సంతోషంగా కంపెనీని చేరుస్తారు. మీ ఇంటిని వేలం వేయించడం కంటే కంపెనీ చెక్కు ఆయనకు సులువు.

కేసును కావలికి మార్చడం గురించి: కుదరదు. ప్రమాదం జరిగిన చోట వేసుకునే హక్కు బాధితుడికి ఉంది. కేసు జూన్‌లోనే పడింది కాబట్టి ఆరు నెలల గడువు దాటిందన్న వాదన కూడా లేదు.

ఇక మీ మిత్రుడి సలహా. పాత తేదీ స్టాంపు కాగితం ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు, జడ్జిగారికి నాకంటే బాగా తెలుసు. స్టాంపు అమ్మినవాడి రిజిస్టరులో వరుస సంఖ్య, తేదీ, కొన్నవాడి పేరు ఉంటాయి. కంపెనీ వకీలు ఆ రిజిస్టరును పిలిపించడానికి ఒక్క పిటిషన్ చాలు. కోర్టు విచారణలో వాడడానికి దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ళ దాకా జైలు. అంత సాహసం చేసి మీకు దక్కేదేమిటో ఒకసారి ఆలోచించండి. నిజంగా 2023 ఆగస్టులోనే రాసుకున్న అసలు ఒప్పందం మీ దగ్గర ఉన్నా బాధితుడి ముందు మీరు యజమానే. నిజమైన కాగితమే విడిపించని చోట దొంగ కాగితం ఏం విడిపిస్తుంది?

మీకు కావలసిన కాగితం వేరే ఉంది. ఈ రోజు కొన్న స్టాంపు కాగితం మీద, ఈ రోజు తేదీతో, మీ బావగారు ఇలా రాసి సంతకం పెట్టాలి: ఫలానా బండిని 2023 ఆగస్టులో ఇంత మొత్తానికి తీసుకున్నాను, అప్పటి నుంచి నా స్వాధీనంలోనే ఉంది, దాని వల్ల వచ్చే ఏ బాధ్యత అయినా నేను భరిస్తాను. ఇందులో దాపరికం లేదు, నేరం లేదు. బాధితుడి మీద ఇది పనిచేయదు. మీ జేబు నుంచి ఒక్క రూపాయి పోయినా మీ బావగారి నుంచి రాబట్టడానికి మాత్రం పనిచేస్తుంది. మీరు కట్టిన రోజు నుంచి మూడేళ్ళ లోపు దావా వేసుకోవచ్చు. పెద్దలను కూర్చోబెట్టి అయినా సరే, ఆ సంతకం ఇప్పుడే తీసుకోండి.

ఆయన సంతకం పెట్టకపోతే మీ ఫోనే మీ సాక్షి. ఫాస్టాగ్ మీ ఖాతాలో ఉండిపోవడం మీ నిర్లక్ష్యమే. కానీ టంగుటూరు టోలు దాటినప్పుడల్లా మీకు వచ్చిన సందేశం, దాని కిందే 'బావగారూ, బ్యాలెన్స్ అయిపోయింది, వేయించండి' అని మీరు పెట్టిన వాట్సాప్ సందేశం, దానికి ఆయన పెట్టిన బొటనవేలు... ఏడాదిన్నర పాటు బండి ఎవరి చేతిలో ఉందో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఆ ఫోను మార్చకండి, ఏదీ చెరపకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. బ్యాంకు నుంచి ఎనిమిది లక్షల జమ చూపే స్టేట్‌మెంటు తీసుకోండి.

మూడున్నర లక్షల నగదు సంగతి ఉత్తరంలో ఇంత నిబ్బరంగా రాశారు. ఒకే వ్యవహారంలో ఒకరి నుంచి రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడాన్ని 1961 నాటి ఆదాయపన్ను చట్టం సెక్షన్ 269ఎస్‌టీ నిషేధించింది. తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడవచ్చు, అదీ తీసుకున్నవాడి మీద. అబద్ధం చెప్పమనడం లేదు. ఈ అమ్మకం సంగతి కోర్టుకు రాసిచ్చే ప్రమాణపత్రం మీద సంతకం పెట్టేముందు మీ ఆడిటరును ఒకసారి కలవండి.

బీమా కంపెనీ వెతికే లొసుగులు రెండు. ఒకటి, ఆ రాత్రి మీ బావగారి డ్రైవింగ్ లైసెన్సు చెల్లుబాటులో ఉందా? రెండు, బాడుగ. సొంత వాడకానికి ఇచ్చిన పాలసీతో బండిని కిరాయికి తిప్పితే షరతు ఉల్లంఘన. వీటిలో ఏది రుజువైనా, బాధితుడికి కంపెనీ ముందు కట్టి తర్వాత మీ నుంచి వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ అనే ప్రమాదం ఉంది. తిరుపతి బాడుగ మీరు విన్న మాట, చూసింది కాదు. విన్న మాటలను కోర్టుకు ఇచ్చే జవాబులో (కౌంటరులో) రాసి కంపెనీ చేతికి మీరే కత్తి ఇవ్వకండి. బోనులో అడిగితే మాత్రం తెలిసినంత చెప్పండి, తెలియనిది తెలియదనండి. ప్రమాదం రాత్రి బండిలో ఎవరున్నారు, ఎటు వెళుతున్నారు అన్నదే అక్కడ లెక్క. ఆ సంగతి పోలీసు రికార్డులోని వాంగ్మూలాల్లో ఉంటుంది, నకలు తీయించండి.

ఇప్పుడు ఆర్‌సీ మార్పిస్తే ఈ కేసుకు లాభం లేదు, చూసేది ప్రమాదం రోజే. అయినా మార్పించండి. ఆ క్రెటా ఈ రోజుకీ మీ పేరుతోనే రోడ్డు మీద తిరుగుతోంది, ఈసారి థర్డ్ పార్టీ గడువు కూడా ముగిసిపోయి ఉంది. దానికి పాలసీ కట్టేదాకా తాళాలు మీ దగ్గర పెట్టుకోగలిగితే పెట్టుకోండి. ఒంగోలు వెళ్ళేటప్పుడు పాలసీ అసలు ప్రతి పట్టుకెళ్ళండి, ఈ జిరాక్సు కాదు. అసలు కనబడకపోతే కంపెనీ నుంచి నకలు తీసుకోండి. అందులో రెండో వరుస మసక లేకుండా కనిపించాలి.