ఏడాదికి ఎంత పడుతుంది?

చిరంజీవి స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. బండి లోను 10 శాతమేనని షోరూం వాళ్ళు చెప్పారన్నావు. అది ఫ్లాట్ రేటా, రెడ్యూసింగ్ రేటా అని అడిగితే నీకు తెలియలేదు. ఫోన్లో ఈ లెక్క చెప్తే బుర్రకెక్కదు, అందుకే రాస్తున్నా.

లక్ష రూపాయలు, 12 నెలలు అనుకో. ఫ్లాట్ అంటే ఆఖరి నెల దాకా మొత్తం లక్ష మీదే వడ్డీ. 10,000 వడ్డీ కలిపి 12తో భాగిస్తే వాయిదా 9,167. ఆరు వాయిదాలు కట్టేసరికి అసలు దాదాపు సగం తీరిపోతుంది. అయినా తీర్చేసిన ఆ సగానికీ వడ్డీ కడుతూనే ఉంటావు. రెడ్యూసింగ్ అయితే మిగిలిన అసలు మీదే వడ్డీ. అదే 10 శాతానికి వాయిదా 8,792, ఏడాది వడ్డీ అంతా కలిపి 5,500 లోపే. వాళ్ళు చెప్పే 10 శాతం ఫ్లాట్‌ని రెడ్యూసింగ్‌లోకి మారిస్తే సుమారు 18 శాతం అవుతుంది. షోరూంలో ఈ ముక్క ఎవరూ చెప్పరు, చెప్తే బండి కదలదు మరి.

అందుకే ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇమ్మను. ఇలాంటి లోన్లకు ఆ కాగితం ఇవ్వాల్సిందేనని రిజర్వ్ బ్యాంకు 2024 అక్టోబరు 1 నుంచి నియమం పెట్టింది. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు, లోనుతో అంటగట్టే ఇన్సూరెన్సు కూడా కలిపి ఏడాదికి నీ మీద పడే నిజమైన ఖర్చు అదే. కాగితం నీకు అర్థమయ్యే భాషలో ఉండాలని కూడా నియమం. తెలుగులోనే అడుగు, మొహమాటం వద్దు.

మీ నాన్న చేబదులు తెచ్చినప్పుడల్లా “రెండు రూపాయల వడ్డీయే కదా” అంటారు. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. ఆ మాట ఆయనతో అని చూడు!

డబ్బు పెట్టేటప్పుడూ అడగాల్సింది ఇదే, ఏడాదికి ఎంత అని. ఏజెంటు “పదేళ్ళలో రెట్టింపు” అంటే 72ని ఏళ్ళతో భాగించు. 7.2 శాతం వస్తుంది, బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి కాస్త అటూ ఇటూ. ఇరవై ఏళ్ళలో రెట్టింపంటే 3.6 శాతమే, దానికి నమస్కారం పెట్టి వచ్చెయ్. ఇలా ఏడాదికి సగటున ఎంత పెరిగిందో చెప్పేదే మ్యూచువల్ ఫండ్ వాళ్ళు రాసే సీఏజీఆర్.

సిప్ అంటే నెలనెలా కట్టే పద్ధతి మాత్రమే. ఆ డబ్బు ఏ ఫండ్‌లోకి పోతుందో వేరుగా అడగాలి. ఎన్‌ఏవీ అంటే ఒక యూనిట్ ధర. పది రూపాయలుంటే చవక, ఐదొందలుంటే ఖరీదు అనుకోకు. నీ 10,000కి ఒకచోట వెయ్యి యూనిట్లు, ఇంకోచోట ఇరవై వస్తాయి. రెండూ పది శాతం పెరిగితే రెండుచోట్లా 11,000లే.

బ్యాంకులో వేసే డిపాజిట్లకు వడ్డీతో కలిపి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా ఉంది. నామినీ పేరు మాత్రం మర్చిపోకుండా రాయించు.

సంతకం పెట్టే ముందు ఆ కాగితం ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. ఆదివారం అయినా ఫర్వాలేదు, చూసి చెప్తాను.

మీ పెద్దమ్మ