దిగిపోయిన అధ్యక్షుడిపై అభిశంసనా?

ప్రశ్న: పదవీకాలం ముగిసి ఇంటికెళ్లిపోయిన అమెరికా అధ్యక్షుడిని సెనేట్ విచారించవచ్చా? తొలగించడానికి పదవే లేనప్పుడు విచారణ దేనికి?

జవాబు: విచారించవచ్చు. 2021లో విచారించింది కూడా. జనవరి 6న క్యాపిటల్ భవనంపై దాడికి ఉసిగొల్పారన్న అభియోగంతో ప్రతినిధుల సభ 13న ట్రంప్‌ను 232-197 ఓట్లతో అభిశంసించింది, అంటే అభియోగం మోపింది; విచారించి తేల్చేది సెనేట్. ఆయన పదవీకాలం 20తో ముగిసింది. అభియోగపత్రం సెనేట్‌కు చేరిందేమో 25న. పేచీ అక్కడే వచ్చింది.

రాజ్యాంగంలో దీన్ని సూటిగా తేల్చే వాక్యం లేదు. రెండో అధికరణం పదవి నుంచి తొలగించడం గురించే మాట్లాడుతుంది కాబట్టి, అది పదవిలో ఉన్నవారికే వర్తిస్తుందని ట్రంప్ లాయర్ల వాదన. కానీ మొదటి అధికరణంలో శిక్షలు రెండు: తొలగింపు, ఇకపై ఫెడరల్ పదవులు చేపట్టకుండా అనర్హత. మొదటిదానికి అవకాశం లేకపోయినా రెండోదానికి ఉంటుంది. లేదంటే ఎవరైనా ఓటింగుకు ముందు రాజీనామా పడేసి తప్పించుకోవచ్చు. 1876లో యుద్ధశాఖ మంత్రి విలియం బెల్‌నాప్ సరిగ్గా ఆ పనే చేశారు. అయినా ప్రతినిధుల సభ అదే రోజు అభిశంసించింది. తనకు అధికారం ఉందని సెనేట్ 37-29తో తేల్చుకుని మరీ విచారించింది. 2021లో 56-44తో మళ్లీ అదే తీర్పు.

అసలు చిక్కు ఓట్ల లెక్కలో ఉంది. అధికారం ఉందా లేదా అన్నదానికి మామూలు మెజారిటీ చాలు, దోషిగా తేల్చడానికి మాత్రం హాజరైనవారిలో మూడింట రెండొంతులు కావాలి. దాంతో మొదటి ఓటులో ఓడినవాళ్లు చివర్లో అదే కారణం చెప్పి 'నిర్దోషి' అనేస్తారు. బెల్‌నాప్ అలాగే బయటపడ్డారు. ట్రంప్‌కు వ్యతిరేకంగా 57 పడ్డాయి, కావలసినవి 67. దాడికి నైతిక బాధ్యత ట్రంప్‌దేనని సభలోనే దుయ్యబట్టిన రిపబ్లికన్ నేత మిచ్ మెకానెల్ కూడా, మాజీపై విచారణ చెల్లదంటూ నిర్దోషి వైపే ఓటేశారు. అనర్హతకు మామూలు మెజారిటీ సరిపోతుంది గానీ, దోషిగా తేలితేనే ఆ ఓటు దాకా వచ్చేది.

ప్రశ్న: మన మాజీ రాష్ట్రపతి విషయంలో?

జవాబు: కుదిరే పని కాదు. 61వ అధికరణం కింద వచ్చే ఫలితం ఒక్కటే, తొలగింపు. అనర్హత ఊసే లేదు. కనీసం 14 రోజుల ముందు నోటీసు, సభలో నాలుగో వంతు సభ్యుల సంతకాలు, ఆపై రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల ఓట్లు. ఇంత తతంగం నడిచేలోగా రాజీనామా ఇచ్చేస్తే ఇక తొలగించడానికేమీ మిగలదు. జడ్జీల విషయంలో ఇది చూశాం కూడా. కలకత్తా హైకోర్టు జడ్జి సౌమిత్ర సేన్‌ను తొలగించాలని 2011 ఆగస్టులో రాజ్యసభ తీర్మానించింది. లోక్‌సభ చేపట్టేలోపే ఆయన రాజీనామా చేయడంతో ఆ తీర్మానం అక్కడితో ఆగిపోయింది.